స్టెప్పీ ఏ మండలంలో ఉంది?

సోషల్ పాఠాలు చెప్పడానికి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నరసరావుపేటలో మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "మేడమ్, క్లాసులో పిల్లలు మన మాట వినాలంటే ఏం చెయ్యాలి?" నా సమాధానం వాళ్ళకు నచ్చదు. పిల్లలు వినడం పెద్ద విషయం కాదు. విన్నది ఇంటికి తీసుకెళ్ళి, అన్నం కంచం ముందు కూర్చుని, వాళ్ళ నాన్నకు చెప్పారనుకోండి, అసలు ఉద్యోగం అప్పుడు మొదలవుతుంది.

నా ప్రమోషన్లు, సీనియారిటీ గొడవలు ఎవరికీ అక్కర్లేదు. గురజాల దగ్గర ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో, ఎక్కడో మధ్య ఆసియాలో ఉన్న ఒక ఎడారి గడ్డినేల వల్ల నాకు జరిగింది రాస్తాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసింది చాలావరకు అందులోనే ఉంది.

ఖాళీ అయిన బస్సు

తొమ్మిదో తరగతి పుస్తకంలో స్టెప్పీల గురించి ఉన్నది కాస్తే. "స్టెప్పీలు సమశీతోష్ణ మండలపు గడ్డి మైదానాలు. ఇచ్చట వర్షపాతము తక్కువ. వృక్షములు ఉండవు. పశుపోషణ ప్రధాన వృత్తి." పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఇంతకంటే ఏం కావాలి? నేనూ మొదటి ఏడాది అంతే చెప్పి ముందుకు పోదామనుకున్నాను. రెండో బెంచీలో కూర్చునే నాగమణి పోనివ్వలేదు.

నాగమణి ఆ ఊరి సర్పంచి గారి అమ్మాయి. ప్రశ్న అడిగేటప్పుడు లేచి నిలబడి, ఓణీ నడుముకు బిగించి, కొట్లాటకు వచ్చినట్టు చూసేది.

"టీచర్, వానలు తక్కువైతే చెట్లుండవన్నారు. మనకీ తక్కువేగా. మరి మన ఊరి బీడులో తుమ్మచెట్లు ఎట్టా ఉన్నయ్?"

మంచి ప్రశ్న. పుస్తకంలో జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఆలోచిస్తుంటే జవాబు బస్సులోనే దొరికింది. మర్నాడు క్లాసులో అడిగాను: "గుంటూరులో మాచర్ల బస్సు ఎక్కితే సీటు దొరుకుతుందా?"

"యాడ దొరుకుద్ది టీచర్! కాలు పెట్టే సందుండదు."

"అదే బస్సు రెంటచింతల దాటేసరికి?"

"పడుకుని పోవచ్చు."

"సముద్రం మీదినుంచి వచ్చే గాలి కూడా అంతే. బయలుదేరినప్పుడు నిండా నీళ్ళు. దారిలో సత్తెనపల్లిలో కొందరు, పిడుగురాళ్ళలో కొందరు, గురజాలలో కొందరు దిగిపోయినట్టు, వాన దారి పొడుగునా దిగిపోతుంది. మనం గురజాల దగ్గరే ఉన్నాం కదా. మనకూ ఎవరో కొందరు మిగులుతారు. స్టెప్పీ ఇంకా చాలా అవతల ఉంది. అక్కడికి చేరేది డ్రైవరూ కండక్టరే."

క్లాసంతా నవ్వింది. నాగమణి కూర్చుంది. నాకు ఆ రోజు అర్థమైంది ఏమిటంటే, భూగోళం చెప్పాలంటే ముందు మన రోడ్డు తెలియాలి.

హెడ్మాస్టరు గారి ధర్మం

మా హెడ్మాస్టరు నరసింహం గారు మంచివారు, పిరికివారు. ఈ రెండూ ఒక మనిషిలో ఉండటం వింత కాదు. ఆయన మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "సిలబస్ అయిందా?" పొద్దున ప్రార్థన దగ్గరా, మధ్యాహ్నం కారియర్ విప్పేటప్పుడూ అదే. ఒకసారి మా లెక్కల మాస్టారికి కొడుకు పుట్టాడని చెబితే, "సంతోషమండీ, సిలబస్ అయిందా?" అన్నారు.

ఆ రోజుల్లో రష్యా పుస్తకాల వ్యాను పల్నాడు ఊళ్ళలో తిరిగేది. మంచి కాగితం, రంగుల బొమ్మలు, కారుచౌక. గురజాలలో ఆ వ్యాను ఆగినప్పుడు మధ్య ఆసియా ప్రకృతి మీద ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. అది చదివాక మా పాఠ్యపుస్తకం మీద నాకు జాలి వేసింది.

ఎడారి స్టెప్పీ అంటే అటు పూర్తిగా ఎడారీ కాదు, ఇటు పూర్తిగా గడ్డినేలా కాదు. రెంటికీ మధ్య ఉండే పొలిమేర. ఎండాకాలం మన రెంటచింతలకు తమ్ముడు. చలికాలం వస్తే అదే నేల రాయిలా గడ్డకడుతుంది. మధ్యలో వసంతం ఉంటుంది కానీ చుట్టం చూపుగా వచ్చి వెళ్ళిపోతుంది. అది ఉన్న ఆ కాసిన్ని రోజుల్లోనే ఎర్రవీ పసుపువీ తులిప్ పూలు నేలంతా విచ్చుకుంటాయి. తాబేళ్ళు బయటికి వచ్చి, తినగలిగినంత తిని, మళ్ళీ భూమిలోకి దూరి నిద్రపోతాయి. నదులు సముద్రం దాకా పోలేక ఇసుకలోనే ఇంకిపోతాయి. కొన్ని ఉప్పు చెరువుల్లో చేరతాయి, ఎండాకాలం వచ్చేసరికి అక్కడ తెల్లటి ఉప్పు పొర మాత్రం మిగులుతుంది. సైగా అని ఒక జింక, దాని ముక్కు వేలాడే సంచిలా ఉంటుంది. ఎండాకాలం దుమ్మును వడగడుతుంది, చలికాలం గాలిని వెచ్చబెడుతుంది. ఆ బొమ్మ చూపించినప్పుడు పిల్లలు దానికి మా డ్రిల్లు మాస్టారి పేరు పెట్టారు. నేను విననట్టు ఊరుకున్నాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ నేల వాసన. అక్కడ గడ్డి మధ్య మైళ్ళకొద్దీ పెరిగే బూడిదరంగు మొక్క మన మాచిపత్రికి దగ్గరి బంధువు. వినాయక చవితి పత్రిలోంచి రెండు రెమ్మలు తీసి క్లాసుకు పట్టుకెళ్ళాను. నలిపి వాసన చూడమన్నాను. "వాన పడ్డ రోజు స్టెప్పీ అంతా ఈ వాసనే" అన్నాను. అప్పటిదాకా మ్యాపులో ఆకుపచ్చ గీతల్లా ఉన్న చోటు వాళ్ళ అరచేతుల్లోకి వచ్చింది. కొత్త టీచర్లకు ఇది తప్పకుండా చెప్తాను. బొమ్మ చూపిస్తే కళ్ళతో చూసి మర్చిపోతారు. వాసన చూపిస్తే మర్చిపోవడం కష్టం.

బీడు మీద పాఠం

ఊరికి పడమట పెద్ద బీడు ఉండేది. పైభాగం ఎత్తు మీద, ఎర్రమట్టి, బోదగడ్డి, అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చిన నాపరాయి. కిందిభాగం వాగు వైపు. ఊరి గొర్రెల మందలన్నీ అక్కడే మేసేవి. ఒక మధ్యాహ్నం క్లాసును అక్కడికి తీసుకెళ్ళాను. హెడ్మాస్టరు గారు గేటు దాకా వచ్చి, "ఎండ తగుల్తుందేమో కమల గారూ" అన్నారు. పిల్లలు పుట్టింది ఆ ఎండలోనేనని ఆయనకు గుర్తు చేయలేదు.

ఒక గడ్డి దుబ్బు పీకమన్నాను. ఇద్దరు పట్టుకుని లాగితే గానీ రాలేదు. పైన కనిపించే గడ్డి కంటే కింద వేళ్ళ కుచ్చు పెద్దది. మట్టిని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

"స్టెప్పీ బతికేది ఈ వేళ్ళ మీదే. అక్కడ పై మట్టి పలుచన, గాలి ఎక్కువ. కొన్ని ప్రాంతాల్లో ఈ గడ్డిని దున్నేసి గోధుమ వేశారు. మొదట్లో పంట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత వానలు తప్పిన ఏళ్ళలో గాలి లేచి పై మట్టిని ఎత్తుకుపోయింది. పగలే చీకటి పడేంత దుమ్ము."

నాగమణి ఆ దుబ్బును అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అడగలేదు. అడగనప్పుడే అనుమానించాల్సింది.

సర్పంచి గారి రాక

నాకు తెలియనిది ఏమిటంటే, ఆ బీడు మొత్తం దున్నించి పత్తి వేయించాలని ఊళ్ళో అప్పటికే మాట నడుస్తోంది. అవి పల్నాడంతా పత్తి పిచ్చి పట్టిన రోజులు. సర్పంచి వెంకటప్పయ్య గారు భూమి లేని కుటుంబాలకు బీడు పంచి పట్టాలిప్పిస్తానని మాటిచ్చారు. ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకుంటుంటే నాగమణి అన్నం కలుపుతూ, "దున్నితే మట్టి ఎగిరిపోద్ది నాన్నా, స్టెప్పీలో అట్టాగే అయింది" అన్నదట.

మర్నాడు ఆయన స్కూలుకు వచ్చారు. భారీ మనిషి, తెల్ల పంచె, గొంతు వాగు అవతలికి వినపడుతుంది. హెడ్మాస్టరు గారు తన కుర్చీ ఆయనకిచ్చి తాను నిలబడ్డారు. నన్ను పిలిపించారు.

"ఏందమ్మా టీచరమ్మా, మా బీడు దున్నొద్దని పిల్లకాయలకి చెప్పావంట?"

"మీ బీడు గురించి నేనేమీ అనలేదండీ. స్టెప్పీ గురించి చెప్పాను."

"ఆ స్టెప్పీ ఏ మండలంలో ఉంది?"

పాఠం చెప్పిచెప్పి నోటికి అలవాటైపోయిన మాట ఠక్కున వచ్చేసింది. "సమశీతోష్ణ మండలంలో అండీ."

ఆయన నుదురు చిట్లించారు. సమితులు పోయి మండలాలు కొత్తగా వచ్చిన కాలం అది. "మండలాల పేర్లన్నీ నాకు తెలుసు. ఆ పేరు యాడా వినలా. మాచర్ల అవతలా?"

"ఇంకాస్త అవతలండీ," అన్నారు హెడ్మాస్టరు గారు. "రష్యా వైపు."

"రష్యానా! ఓహో, ఎర్రజెండా పాఠమా ఇది?" ఆయన నావైపు తిరిగారు. "అమ్మా, సెంటు భూమి లేనోళ్ళు నా చుట్టూ తిరగతన్నారు. ఆళ్ళకి మాటిచ్చా. నువ్వేమో గొర్రెలకి వకాల్తా పుచ్చుకున్నావు. ఇట్టాగైతే జిల్లా పరిషత్తులో ఒక్క మాట చెప్తే చాలు, నిన్ను నల్లమల అంచున ఏ బడికో పంపుతారు."

బదిలీ అంటే నాకు భయమే. మా వారి ఉద్యోగం నరసరావుపేటలో, ఇంట్లో చిన్నపిల్ల. అంతకంటే ఎక్కువగా గుచ్చుకున్నది దానికి ముందు ఆయనన్న మాట. భూమి లేనివాళ్ళ నోటి దగ్గర కూడు తీసేస్తున్నానా? నాకు నిజంగా అలాంటి ఉద్దేశం లేదు.

అప్పుడు జరిగింది నేను ఊహించనిది. నరసింహం గారు ఒక అడుగు ముందుకు వేసి, చేతులు కట్టుకుని, "ఆవిడ సిలబస్ పూర్తి చేశారండీ" అన్నారు.

సర్పంచి గారికి అర్థం కాలేదు. "అయితే?"

"సిలబస్ పూర్తి చేసిన టీచర్ని బదిలీ చెయ్యమంటే నేను ఒప్పుకోనండీ. కావాలంటే నన్ను కూడా చెయ్యండి."

ఆయన సర్వీసంతటికీ తెలిసిన ధర్మం అదొక్కటే. దాని మీదే నిలబడ్డారు. పై అధికారుల గురించి కొత్తవాళ్ళు తొందరపడి తీర్పులు చెప్పకండి. ఏ మనిషి ఏ గుంజ పట్టుకుని నిలబడతాడో అవసరం వచ్చేదాకా తెలియదు.

నాకూ ధైర్యం వచ్చింది. "సర్పంచి గారూ, నాది పుస్తకంలో చదివిన మాట. ఇక్కడ ఎలా ఉంటుందో నిజంగా తెలియదు. తవ్వి చూద్దాం. మట్టి లోతుగా ఉంటే నేనే క్లాసులో చెప్తాను, మన బీడు స్టెప్పీ కాదని."

ఆయన కుర్చీలోంచి లేచారు. "రేపు పొద్దున రా. గునపం నేనే తెస్తా."

గునపం

మర్నాడు బీటి మీద సగం ఊరు ఉంది. భూమి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఒకవైపు, గొర్రెల కాపరి కోటయ్య వాళ్ళు ఒకవైపు, మధ్యలో మా తొమ్మిదో తరగతి. సర్పంచి గారు పంచె ఎగ్గట్టి, ఎవరికీ ఇవ్వకుండా తానే గునపం పట్టుకున్నారు.

ముందు వాగు వైపు తవ్వారు. నల్లమట్టి. తవ్వినకొద్దీ మట్టే. నడుము దాకా గుంత దిగినా రాయి తగల్లేదు. ఆయన తలెత్తి నవ్వారు. "ఏందమ్మా, యాడ నీ స్టెప్పీ?"

"ఇక్కడ లేదండీ. ఇక్కడ మీరే కరెక్టు" అన్నాను. భూమి కోసం వచ్చినవాళ్ళ ముఖాలు వెలిగాయి. నాకూ సంతోషమే వేసింది.

తర్వాత పైకి వెళ్ళాం. గునపం దించీ దించగానే ఖంగుమంది. పక్కకు జరిగారు. మళ్ళీ ఖంగు. జానెడు మట్టి కింద నాపరాయి పలక పరిచినట్టు ఉంది. చెమటలు కారుతున్నా ఆయన ఆపలేదు. చివరికి గునపం పక్కన పడేసి, "రాళ్ళు ఏరుకుంటే అదే పొలమవుద్ది. మా తాత అట్టాగే చేశాడు" అన్నారు.

"మీ తాతగారు చేసింది కింద పొలంలో గదయ్యా," అన్నాడు కోటయ్య నెమ్మదిగా.

సర్పంచి గారు వినిపించుకోలేదు. మాటిచ్చినవాడికి మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆయన ముఖంలో కనపడింది. నాకు ఆయన మీద కోపం అప్పుడే పోయింది.

మజ్జిగలో మట్టి

వాగు వైపు భూమి కొలిచి పంచారు. పైభాగంలో మాత్రం ఎండాకాలం మొదట్లో ఆయన పంతం కొద్దీ ఒక ముక్క దున్నించారు. ట్రాక్టరు డిస్కు నాపరాయికి తగిలి విరిగింది. గురజాల నుంచి మెకానిక్ ఖాసిం వచ్చి బాగుచేశాడు. కాసేపటికే ఇంకోటి విరిగింది. ఖాసిం మా స్కూలు ముందు టీ తాగుతూ నాతో అన్నాడు: "మీరు ఈ దున్నుడు ఆపమాకండి టీచరమ్మా. ఇట్టాగే సాగితే నేను గురజాలలో మేడ కడతా."

తర్వాత వడగాడ్పులు మొదలయ్యాయి. ఏటా వచ్చేవే. ఈసారి దున్నిన ముక్క మీదుగా వచ్చాయి. ఎర్రటి దుమ్ము తెరలా లేచి ఊరి మీదికి దిగింది. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు, తలుపు సందులు, అంతా మట్టి. పడమటి వీధిలో మొదటి ఇల్లు సర్పంచి గారిదే.

సెలవుల్లో ఏదో పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆయన భార్య సుబ్బాయమ్మ గారు నన్ను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. గ్లాసు అడుగున ఎర్రటి మట్టి పొర కనపడింది. ఆవిడ భర్త వైపు ఓరగా చూస్తూ గట్టిగానే అన్నారు:

"తాగు తల్లీ. నీ స్టెప్పీని చూడ్డానికి రష్యా దాకా పోనక్కర్లా. మా ఇంట్లోకే వచ్చింది."

వెంకటప్పయ్య గారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు కదులుతోంది. నవ్వుతున్నారో, ఉడుక్కుంటున్నారో తెలియలేదు.

వానాకాలం మొదట్లో పంచాయతీ కూర్చుంది. పైభాగంలో పట్టాలు రావాల్సిన కుటుంబాలకు చెరువు పక్క పోరంబోకులో చోటు చూపించారు. పై బీడు మేతకే వదిలేశారు. అందరికీ సరిపోలేదు. ఇద్దరు ముగ్గురు అలిగారు, ఆ మాటా నిజమే. అంత మందిలో సర్పంచి గారు చెప్పింది ఒకే మాట: "మా అమ్మాయి ముందే చెప్పింది. నేనే వినలా." నా పేరు ఎత్తలేదు. ఇంటికి వస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. మన పాఠం పిల్లల పేరుతో చెలామణీ కావడం కంటే టీచరుకు ఏం కావాలి?

దున్నిన ముక్కలో గడ్డి మాత్రం తొందరగా రాలేదు. ముందు పిచ్చి మొక్కలు వచ్చాయి. పీకడానికి ఒక పూట చాలిన గడ్డి తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది.

పడమటి బీట్లో సాయంత్రం

ఆ ఏడాది చలికాలం, నాగమణి పదో తరగతిలో ఉండగా, సాయంత్రం బడి విడిచాక బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. రొప్పుతూనే, "టీచర్, మీ రష్యా పుస్తకంలో గద్ద! బూడిదరంగుది, రెక్క చివర నల్లటిది. మా బీట్లో దిగింది!" అంది.

బస్సు వదిలేసి వెళ్ళాను. పై బీటి గట్టు మీద సర్పంచి గారు అప్పటికే నిలబడి ఉన్నారు. పొద్దు వాలుతోంది. బోదగడ్డి మీద చాలా తక్కువ ఎత్తులో, రెక్కలు పైకెత్తి పట్టి, గాలిలో తేలుతూ ఒక పక్షి వచ్చింది. మన వైపు పిల్లిగద్ద అంటారు. ఒక్కటి కాదు. ఒకదాని వెనక ఒకటి. చెట్ల మీద వాలలేదు. గడ్డిలోకి మెల్లగా దిగి కనపడకుండా పోతున్నాయి. రాత్రి నిద్రకు వాటికి నేలే కావాలి, దాక్కోవడానికి గడ్డి కావాలి.

ఎన్నేళ్ళ నుంచి వస్తున్నాయో ఎవరికి తెలుసు! గద్దే కదా అని ఎవరూ తలెత్తి చూసి ఉండరు. పుస్తకంలో ఆ బొమ్మ కింద ఏముందో చెప్పాను. ఇవి గూడు కట్టుకునేది ఆ స్టెప్పీ గడ్డిలో. అక్కడ మంచు పడి ఎలుకలూ మిడతలూ దొరకనప్పుడు కొండలు దాటి దక్షిణాదికి వస్తాయి. ఎండలు ముదిరితే వెళ్ళిపోతాయి.

ఎప్పుడూ ఏదో ఒకటి గట్టిగా మాట్లాడే సర్పంచి గారు గొంతు తగ్గించి అడిగారు. "ఇయ్యన్నీ అక్కణ్ణించే వచ్చినయ్యా అమ్మా?"

"అవునండీ."

"మన ఊరే ఎందుకు?"

"ఇక్కడ గడ్డి ఉంది కాబట్టి."

నేను అంతకు ముందూ, ఆ తర్వాతా స్టెప్పీ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. ఇంతవరకూ ఆ నేల చూడలేదు. ఇక చూస్తాననీ అనుకోను. కానీ నేను చెప్పిన పాఠంలోంచి ఎవరైనా నడిచి, కాదు, ఎగిరి వచ్చి నా ముందు వాలడం అదే మొదటిసారి. నాగమణి నా చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరం అటే చూస్తున్నాం.

అప్పుడే కోటయ్య మందను తోలుకుంటూ గడ్డి మీదుగా ఇంటిదారి పట్టాడు. సర్పంచి గారు చెయ్యెత్తి, అరవబోయి, ఆగి, వీలైనంత మెల్లగా కేకేశారు:

"ఒరేయ్ కోటయ్యా, మందని అటు చుట్టూ తిప్పుకుపోరా! చానా దూరం నించి చుట్టాలొచ్చారు, పడుకోబోతన్నారు."